పద్నాలుగో నంబరు చెయ్యి

మార్చి 2, ఆదివారం

నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ డైరీ. రిటైరైన రోజున "ఇక రాసుకోడానికేముంది" అని మూసేశాను. ఇవాళ తెరవడానికి పెద్ద కారణమేం లేదు. మధ్యాహ్నం నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను, అంతే. బాల్కనీలోకి మూడుసార్లు వెళ్ళొచ్చాను. "కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటండీ" అంది మా ఆవిడ.

పొద్దున్న బుల్లి వచ్చింది. అక్క పోయాక పదకొండేళ్ళప్పుడు మా ఇంటికొచ్చి, మా పిల్లే అయిపోయిన మేనకోడలు. ఇప్పుడు రెండు వీధుల అవతల సొంతంగా ఉంటోంది. నేను ముప్ఫై ఒక్కేళ్ళు విరిగిన బొమ్మలు అతికించిన మ్యూజియంలోనే, అక్కడి ప్రాచీన శిల్పాల మీద పరిశోధన చేస్తోంది. ఉద్యోగం ఇంకా తాత్కాలికమే.

"మావయ్యా, ఆడియో గైడు పెట్టాం. రాసిందీ నేనే, చదివిందీ నేనే. రేడియో వాళ్ళ గొంతు పెడదామన్నారు, ఒప్పుకోలేదు. నువ్వొచ్చి వినాలి."

"వస్తాలే."

"నాలుగేళ్ళ నుంచీ వస్తాలే అంటున్నావు. ముఖ్యంగా పద్నాలుగో నంబరు విను. నువ్వు అతికించిన చెయ్యే."

"ఏ చెయ్యి?" అన్నాను.

ఏ చెయ్యో నాకు తెలుసు.

మార్చి 4, మంగళవారం

వెళ్ళాను. టికెట్టు కొన్నాను. పాత ఉద్యోగినని చెబితే ఊరికే పంపేవారు గానీ, అడగబుద్ధి కాలేదు. గేటు దగ్గర గార్డు నేనున్నప్పటి వాడే, మీసం తెల్లబడింది. "అయ్యో సార్, మీరు టికెట్టు కొనడమేమిటి! సొంతింటికి అద్దె కట్టినట్టుంది" అన్నాడు.

కౌంటర్లో గుర్తింపు కార్డు ఉంచుకుని పరికరం చేతికిచ్చారు. సబ్బుబిళ్ళంత ఉంది. మెళ్ళో తాడు, చెవుల్లో రెండు బిళ్ళలు. బొమ్మ పక్కనున్న నంబరు చూసుకుని అదే నంబరు నొక్కాలి.

నొక్కగానే చెవిలో బుల్లి. "నమస్కారం. నెమ్మదిగా నడవండి. తొందరేం లేదు." చిన్నప్పుడు నా వెనకాల పరిగెడుతూ "నెమ్మదిగా నడు మావయ్యా" అనే గొంతే, కాస్త పెద్దదైంది. నెమ్మదిగా నడవడం నాకెప్పుడూ చేతకాదు. అది ఎడమకి తిరగమనేలోపు నేను తిరిగేసి తర్వాతి బొమ్మ దగ్గర ఉంటున్నాను. మధ్యలో ఆపి మళ్ళీ నొక్కుకుంటూ పోయాను.

ఒకటో నంబరు ఏనుగు. తొండం కొస నేను అతికించిందే. ఆరో నంబరు ద్వారపాలకుడి మోకాలు నాది. తొమ్మిదో నంబరు యక్షుడి బొజ్జ మీద అడ్డంగా పగులుంది, నాకు తప్ప ఎవరికీ కనబడదు. జనం ఆ బొజ్జకేసి చూసి నవ్వుకుంటూ పోతున్నారు. నాకు గర్వంగానే ఉంది, ఎందుకు దాచుకోవడం. ఈ ఊళ్ళో అతుకు కనబడకుండా అతికించేవాడు నేనొక్కడినే అని పెద్దాయన నలుగురిలో అనేవారు. పెద్దాయనంటే మా మరమ్మతు గదికి అధికారి. పోయి ఆరేళ్ళయింది.

పద్నాలుగు. మూడో గదిలో కిటికీ పక్కన, ఒంటరిగా నిలబెట్టారామెను. ఇదివరకు గోడవారగా పదిమందిలో ఒకత్తిగా ఉండేది. ఇప్పుడు పైన ప్రత్యేకంగా దీపం, ముందు బల్ల. నొక్కాను.

"ఈమెను చాలాకాలం పరిచారిక అనుకున్నారు. గొప్పవాళ్ళ పక్కన నిలబడి వింజామర వీచే మనిషి. కానీ కుడిచెయ్యి చూడండి. అందులో వింజామర లేదు. అరచెయ్యి మనవైపు తెరిచి ఉంది. వేళ్ళు బిగిసి ఉన్నాయి, ఇది అభయహస్తం కాదు. ఆమె వీయడం లేదు, వద్దంటోంది. మా మ్యూజియంలో ఇన్ని వందల శిల్పాలున్నాయి. వద్దంటున్నది ఈమె ఒక్కతే. ఎవరికి వద్దంటోందో మనకి తెలీదు. ఒక్క నిమిషం ఆమె ముందు నిలబడండి."

ఆ తర్వాత ఒక నిమిషం ఏమీ రాదు. ఆ నిమిషం నేను నిలబడలేకపోయాను.

బయటికొచ్చి బస్సెక్కి, ఇంటి తలుపు తీశాక మా ఆవిడ అడిగింది, మెళ్ళో ఆ తాడేమిటని. పరికరం తిరిగివ్వకుండా వచ్చేశాను.

మార్చి 5, బుధవారం

ఇచ్చేసి రావాలి. రేపు వెళ్తాను.

మార్చి 6, గురువారం

వెళ్ళలేదు. స్నానాలగదిలో కూర్చుని పద్నాలుగు నాలుగుసార్లు విన్నాను.

ఒకసారి సరిగ్గా రాసుకుంటే మనసు కుదుటపడుతుంది. ఇరవై రెండేళ్ళ క్రితం ఆ బొమ్మ ఒక పెట్టెలో ముక్కలుగా వచ్చింది. మొండెం, తల, ఎడమచెయ్యి, మణికట్టు దాకా కుడిచెయ్యి. అదే పెట్టెలో వేరేవాళ్ళ ముక్కలు కూడా అరవై దాకా ఉన్నాయి, అన్నీ ఒకే గోడ నుంచి రాలినవి, ఒకే రాయి. వాటిలో అరచెయ్యి తెరిచిన చెయ్యి ఒకటి దొరికింది. పెట్టి చూశాను. కూర్చుంది. మరమ్మతుల రిజిస్టరులో రాశాను. ఇందులో దాచడానికేముంది?

రాయి ఒకటే, రంగు ఒకటే, కొలత ఒకటే. కూర్చుంది.

మార్చి 8, శనివారం

బుల్లి భోజనానికొచ్చింది. మా ఆవిడ దానికి ఇష్టమైనవన్నీ చేసింది. తింటున్నంతసేపూ వద్దన్న మనిషి గురించే.

జనం ఆ బొమ్మకి వద్దమ్మ అని పేరు పెట్టేశారట. బడిపిల్లలు వచ్చి ఎదురుగా అరచెయ్యెత్తి ఫొటోలు దిగుతున్నారట. టికెట్టు మీద కూడా ఇప్పుడు ఆ చెయ్యే అచ్చువేస్తున్నారు. నా టికెట్టు మీదా ఉండే ఉంటుంది, నేను చూడలేదు.

"ఇరవయ్యేడున బయటినుంచి ఓ పండితుడొస్తున్నాడు అత్తయ్యా. నా వ్యాసం చదివి, బొమ్మను చూసి రిపోర్టిస్తాడు. ఆయన బావుందంటే ఉద్యోగం ఖాయం. లేదంటే జూన్‌తో ఆఖరు."

"బావుందనక ఛస్తాడా" అంది మా ఆవిడ.

"చావడులే గానీ, అడుగుతాడు. ఆ చెయ్యి ఈమెదే అని ఏమిటి నమ్మకమంటాడు. అందుకే మావయ్య రిజిస్టరే నా ఆధారం. వేరే సెక్షన్లో రిజిస్టర్లు చూస్తే నవ్వొస్తుంది, నోటికొచ్చింది రాసిపడేశారు."

"ఎవరూ కావాలని తప్పు రాయరు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ఇద్దరూ నాకేసి చూశారు.

"నిన్నెవరన్నారు మావయ్యా" అంది బుల్లి నవ్వుతూ.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

వెళ్ళేముందు చెప్పులేసుకుంటూ ఇంకోమాట చెప్పింది. పాత ఆఫీసులో దాని రాతల మీద పై అధికారి తన పేరు వేసుకుంటుంటే రెండేళ్ళు నోరెత్తలేదు కదా. ఆ రోజుల్లో ఓ సాయంత్రం మ్యూజియంకొచ్చి ఆ బొమ్మ ముందు కూర్చుందట. "ఆ చెయ్యి చూశాకే మర్నాడు వెళ్ళి వద్దని చెప్పాను. నీకెప్పుడూ చెప్పలేదు కదూ. నువ్వు అతికించిన చెయ్యే నాకు దారి చూపించింది మావయ్యా."

నేను, "జాగ్రత్తగా వెళ్ళు" అన్నాను.

మార్చి 9, ఆదివారం

చెప్పలేదు. చెప్పడానికి ఏముంది గనక.

మార్చి 11, మంగళవారం

పరికరం ఇచ్చేశాను. కౌంటర్లో అమ్మాయి వారం నుంచీ నా కార్డు దాచిందట. "మర్చిపోయారా అంకుల్?" అంది. వయసు అడ్డం పెట్టుకుని అవునన్నాను.

ఇంకో టికెట్టు కొని మళ్ళీ లోపలికెళ్ళాను. పద్నాలుగు ముందున్న బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరూ ఆ నిమిషం నిలబడుతున్నారు. ఒక పెద్దావిడ చెవుల్లో బిళ్ళలు తీసేసి, పక్కనెవరూ లేరనుకుని, తన అరచెయ్యి మెల్లిగా పైకెత్తి చూసుకుంది. ఎత్తి, కాసేపు అలాగే ఉంచి, దించేసింది. ఇంట్లో ఆవిడ ఎవరికి వద్దనాలో మరి.

అబద్ధమైతే మాత్రం ఎవరికేం నష్టం? మేలే జరుగుతోంది కదా?

అబద్ధమని ఎందుకు రాశాను. అబద్ధం కాదు. మణికట్టు దగ్గర కాస్త గరుకుగా ఉంటే ఆకురాయితో ఒక్కసారి ఇలా రుద్దాను. ఎవరైనా రుద్దుతారు. పాతరోజుల్లో అందరూ రుద్దేవారు. అంటే చేతి వైపే, చేతికున్న గరుకే. అంతే.

కూర్చుంది.

మార్చి 13, గురువారం

మా ఆవిడ ఇవాళ తలుపు గడియపెట్టి మరీ నిలదీసింది.

"మీకు ఒంట్లో బాలేదా? డాక్టరేమైనా చెప్పాడా?"

"లేదు."

"బీపీ మాత్ర వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నాను."

"మరి మాటిమాటికీ ఆ మ్యూజియంకెందుకు పోతున్నారు? ఉద్యోగం ఉన్నప్పుడు ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేవారు."

"బుల్లి గొంతు వినడానికి."

"బుల్లి గొంతు వినాలంటే ఫోను చెయ్యండి. ఫోనులో అది తిరిగి మాట్లాడుతుంది కూడా."

చెప్పేద్దామనుకున్నాను. కానీ మా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి బుల్లికి తెలిసిపోతుంది. తెలిస్తే నా నోటితో తెలియాలి. అంటే తెలియాలనే అనుకుంటున్నానా? అనుకోవట్లేదు. ఏమనుకుంటున్నానో నాకే తెలీదు. తేలుకుట్టిన దొంగలా ఉంది నా పని.

మార్చి 15, శనివారం

రెండు రోజులు. ఒక్కసారి కాదు, రెండు రోజులు అరగదీశాను.

ఆ చెయ్యి ఈమెది కాదు. పెట్టగానే తెలిసింది. విరిగిన రాయి తన జతను కరుచుకుంటుంది, పళ్ళలో పళ్ళు దిగినట్టు దిగుతుంది, ఇక చెయ్యి వదిలినా జారదు. ఇది జారింది. మణికట్టు కన్నా చెయ్యి కాస్త లావు. కానీ ఎంత బావుందా చెయ్యి! వేళ్ళు చెక్కినవాడెవడో గానీ గోళ్ళ కింద మెత్తదనం కూడా చూపించాడు. ముక్కల పెట్టెలో పడుండాల్సిన చెయ్యి కాదనిపించింది.

పెద్దాయన తొందరపెట్టారు. కొత్త గది ప్రారంభోత్సవం దగ్గరపడింది, చెయ్యి లేకుండా ఎలా నిలబెడతామన్నారు. ఆయన మాట తీసెయ్యలేక చేశాను.

అదీ నిజం కాదు. పెద్దాయన ఆ వారం సెలవులో ఉన్నారు. పోయినవాళ్ళ మీద పెట్టడం తేలిక, వాళ్ళు వచ్చి కాదనరు. చెయ్యి లేకుండానే నిలబెట్టమని చెప్పి మరీ వెళ్ళారాయన. వచ్చాక చూసి, "ఇది ఎక్కడ దొరికిందోయ్! అతుకే కనబడట్లేదు" అని నా భుజం మీద చరిచారు. ఆ చరుపు కోసం చేశాను. ఆ రోజు ఇంటికొచ్చి గొప్పగా చెబితే బుల్లి చప్పట్లు కొట్టింది. పద్నాలుగేళ్ళు దానికప్పుడు.

రిజిస్టరులో "ఏ సవరణా లేకుండా కచ్చితంగా కూర్చుంది" అని రాసి సంతకం పెట్టాను.

మార్చి 17, సోమవారం

మ్యూజియంకి సెలవు. బుల్లి వ్యాసం అచ్చుప్రతి పట్టుకొచ్చింది. మూడో పేజీలో నా వాక్యం, కొటేషన్లో పెట్టి మరీ. కింద నా పేరు, హోదా. బొమ్మ భుజం మీద గట్టులాంటిది ఒకటుంటుంది, దాన్ని పైట మడత అని రాసింది. పైట అక్కడికెందుకొస్తుంది? అది వింజామర వెంట్రుకలు పడిన చోటు. చెయ్యి సరైనదైతే దానికే తెలిసేది. నా చెయ్యిని నమ్మింది కాబట్టి భుజాన్ని తప్పుగా చదివింది.

"ఇరవయ్యేడున నువ్వు నా పక్కన నిలబడాలి మావయ్యా. అతుకు గురించి పండితుడు అడిగితే నువ్వే చెప్పు. అతికించిన మనిషే నోటితో చెబితే ఇంకేం అడుగుతాడు."

"అలాగే" అన్నాను.

మార్చి 18, మంగళవారం

ఒప్పుకున్నాను. అందరి ముందూ నిలబడి అబద్ధం చెబుతానని ఒప్పుకున్నాను. పొద్దుటి నుంచీ వీధి చివరిదాకా ఏడెనిమిదిసార్లు నడిచాను.

చెబితే దాని వ్యాసం పోతుంది, ఉద్యోగం పోతుంది, నా పరువు పోతుంది. చెప్పకపోతే, ఆ పండితుడు కళ్ళున్నవాడైతే, అందరి ముందూ దాని పరువు పోతుంది. ఏది ముందు రాశానో ఇప్పుడు చూసుకున్నాను. నా పరువు మూడోదిగా రాశాను. మొదట తట్టింది మాత్రం అదే.

మార్చి 20, గురువారం

చెప్పాను.

బొమ్మ దగ్గరే చెబుదామనుకున్నాను గానీ అక్కడ జనం. క్యాంటీన్లో మూలబల్ల దగ్గర కూర్చున్నాం. టీ వచ్చింది.

"బుల్లీ, ఆ చెయ్యి ఆమెది కాదు."

నవ్వింది. "జోకా?"

"కాదమ్మా. వేరే ఎవరిదో. కూర్చోకపోతే అరగదీసి పెట్టాను. రిజిస్టరులో అబద్ధం రాశాను."

టీ కప్పు పక్కకి జరిపింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బావుండేది. సంచీలోంచి పుస్తకం తీసి, కలం మూత తీసింది.

"ఎన్ని రోజులు అరగదీశారు?"

"రెండు."

"ఏ వైపు?"

"చేతి వైపు."

"మణికట్టు వైపు? అది ముఖ్యం. మణికట్టు విరుపు అలాగే ఉంటే అసలు చెయ్యి దొరికినప్పుడు పట్టుకుంటుంది. ఆ పెట్టెలో ముక్కలన్నీ స్టోరులోనే ఉన్నాయి. వెతుకుతాను. మణికట్టుని ముట్టుకున్నారా?"

అప్పుడే దాని కళ్ళలో ఏదో కాస్త వెలుగొచ్చింది. దాన్ని ఆర్పడం నా వల్ల కాలేదు.

"ముట్టుకోలేదు" అన్నాను.

రాసుకుంది. కింద గీత గీసింది. "టీ తాగండి, చల్లారిపోతోంది" అని లేచి వెళ్ళిపోయింది.

పాతికేళ్ళలో నన్ను మీరు అనడం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.

బరువు దిగింది. చెప్పేశాను కదా. చెప్పాల్సింది చెప్పేశాను.

మార్చి 21, శుక్రవారం

మణికట్టుని ముట్టుకోలేదు.

మార్చి 23, ఆదివారం

మా ఆవిడకి బుల్లే ఫోన్లో చెప్పిందట. పొద్దున్న కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. అరుస్తుందనుకున్నాను.

"దాని దగ్గర మీరు తల దించుకోవడం నేను చూడలేను. కానీ చెప్పారు, నయం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా, పట్టుకున్నారు" అంది. ఇంకాసేపటికి, "అది రెండు రోజుల నుంచీ స్టోరులోనే ఉంటోంది. తిండి సరిగ్గా తినట్లేదు" అంది.

బుల్లి వ్యాసం వెనక్కి తీసుకుంది. పద్నాలుగో నంబరు తీసేయించింది. పైవాళ్ళు ముందు చిందులు తొక్కారట, తర్వాత ఒక దారి చూపించారట. అసలు చెయ్యి దొరికి, అది కచ్చితంగా ఈమెదే అని రుజువైతే, తప్పు పట్టుకుని దిద్దడం కూడా గొప్ప పరిశోధనేనని, పండితుడికి అదే చూపించమని. ఆయన రాక మారలేదు, ఇరవయ్యేడే.

"రుజువంటే?" అన్నాను.

"నన్నడుగుతారేమిటి? రాయికి రాయి కరుచుకోవాలటగా. మీరే కదా దానికి నేర్పారు."

దొరక్కపోతే బావుండును. ఇలా అనుకునే మనిషిని నేను. అరవై ముక్కల్లో ఇరవై రెండేళ్ళ తర్వాత ఎక్కడ దొరుకుతుంది. దొరకదు.

మార్చి 25, మంగళవారం

దొరికింది. బుల్లి ఫోను చేసింది. పిడికిలి, లోపల విరిగిన వింజామర కాడ. "రేపు పదింటికి రండి. పాత చెయ్యి మీరే తియ్యాలి, అతుకు లోపల మీరు పెట్టిన చువ్వ ఎక్కడుందో మీకే తెలుసు" అంది. గొంతులో సంతోషం ఆపుకుంటోంది, నాకు తెలీదా.

ఫోన్లోనే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. అప్పటికే పెట్టేసింది.

మళ్ళీ చెయ్యొచ్చు. ఫోను బల్ల మీదే ఉంది.

మార్చి 26, బుధవారం

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

మరమ్మతు గదిలో నా పాత బల్లే. బొమ్మను పడుకోబెట్టి కింద దుప్పట్లు వేశారు. జిగురు కరిగించే మందు దూదితో అద్దుతూ గంటన్నర కూర్చున్నాను. నా జిగురు అంత తేలిగ్గా వదలదు. పదకొండు దాటాక కదిలింది. చువ్వతో సహా బయటికొచ్చింది చెయ్యి. ఎంత అందమైన చెయ్యో! దాన్ని పట్టుకుని ఒక్క క్షణం అలాగే ఉండిపోయాను. బుల్లి తీసుకుని ట్రేలో పెట్టేసింది, అటు చూడనైనా చూడలేదు.

అసలు చెయ్యి దూదిలోంచి తీసింది. చిన్నది, మామూలుది. వేళ్ళు కాడ చుట్టూ ముడుచుకుని ఉన్నాయి, పని చేసి చేసి అలవాటైన చెయ్యి. చూడగానే ఆమెదే అని తెలిసిపోయింది నాకు. మణికట్టుకున్న గాజుల వరస, చేతి మీద మిగిలిన గాజుల వరస ఒక్కటే.

"మీరు పెట్టండి" అంది బుల్లి.

"నువ్వే పెట్టు."

పెట్టింది. మెల్లిగా వదిలింది. జారింది. కొంచెం తిప్పి మళ్ళీ పెట్టింది. జారింది. కాడ భుజం మీది గట్టుకేసి తిరగాలి కదా, తిరిగింది, కానీ అందలేదు. మధ్యలో వరిగింజ మందం ఖాళీ. మూడోసారి పెట్టింది. నాలుగోసారి. ఐదోసారి పెట్టలేదు.

భూతద్దం తీసి మణికట్టు మీద పెట్టింది. చాలాసేపు చూసింది. తర్వాత భూతద్దం నా చేతికిచ్చింది. నేను చూడక్కర్లేదు. అక్కడేముందో నాకు తెలుసు. నున్నగా, ఒకే వైపుకి, సన్నటి గీతలు. ఆకురాయి గీతలు. మొదటి రోజు చేతి వైపు, రెండో రోజు మణికట్టు వైపు.

"గాజులు సరిపోయాయి కదమ్మా" అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

"ఆ గోడ మీద ఆడవాళ్ళందరికీ అవే గాజులు. పండితుడు మొదట అదే అంటాడు." కుర్చీలో కూర్చుంది. "ఇరవై రెండేళ్ళ కిందట చేసినదానికి నాకు మీమీద కోపం లేదు. నిజంగా లేదు. మనిషన్నాక పొగడ్తకి పడతాడు. గురువారం అడిగాను కదా మావయ్యా. బల్లకి ఇటువైపు కూర్చుని, మీ మొహంలోకి చూసి అడిగాను. అది ముఖ్యమని కూడా చెప్పాను."

నీ కళ్ళలో వెలుగు చూసి చెప్పలేకపోయానని అనబోయాను. అదీ అబద్ధమే. ఒక తప్పు ఒప్పుకున్నవాడిగా లేచి వెళ్ళిపోవాలనుకున్నాను, అంతకన్నా చిన్నబోవడం ఇష్టం లేక. దాని కోసం కాదు.

రేపు పండితుడు వస్తాడు. బుల్లి దగ్గర ఒక మణికట్టుంది, ఒక చెయ్యుంది. రెండూ ఒక్క మనిషివే అని నాకు తెలుసు, దానికి తెలుసు. రుజువు మాత్రం లేదు. ఆ రుజువుని పొడి చేసి, బల్ల మీంచి ఊడ్చి, చెత్తబుట్టలో వేసింది నేను. అది నా బిడ్డ బతుకుతెరువని అప్పుడు తెలీదు. గురువారం తెలుసు.

పాత రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది. నా వాక్యం కింద చోటు చూపించింది. "అన్నీ రాయండి. రెండు వైపులా అని రాయండి. రేపు ఆయనకి ఇదే చూపిస్తాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది."

రాశాను. చెయ్యి వైపు, మణికట్టు వైపు, రెండు రోజులు, ఆకురాయితో, ఎవరూ చెప్పకుండా, తెలిసి. సంతకం పెట్టాను. "ఆ ఖాళీ నేను పూడుస్తాను, కనబడేలాగే పూడుస్తాను" అన్నాను.

"వద్దు. వేరేవాళ్ళని పిలుస్తాను" అంది.

ఇంటిదాకా నడిచే వచ్చాను. గేటు దగ్గర గార్డు ఏదో పలకరించాడు, వినబడలేదు. నాకు చాలా సిగ్గుగా ఉంది. అరవై రెండేళ్ళొచ్చాయి, ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఏడుపొస్తే బావుండును.

మా ఆవిడ భోజనానికి పిలుస్తోంది, రెండోసారి. అసలు చెయ్యి దొరికిందని, బుల్లి ఉద్యోగం నిలబడ్డట్టేనని అనుకుంటోంది పాపం, స్వీటు కూడా చేసింది. మణికట్టు సంగతి ఆవిడకి తెలీదు. వెళ్ళి చెప్పాలి. ఆవిడ అడగకముందే చెప్పాలి.